పిల్లుల్ని తెచ్చే సంచి

పిల్లిని చంపడం మహాపాపమని మా ఉద్దానంలో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. కావాలని చంపినా, తలుపు సందున పడి చచ్చినా, బంగారంతో పిల్లి బొమ్మ చేయించి బ్రాహ్మణుడికి దానమిస్తే గాని ఆ పాపం వదలదట. అందుకని మా ఊరి కొబ్బరితోటల ఆసామి కూర్మనాథం, ఊళ్ళో మిగిలిన పదిహేను పిల్లుల్నీ చంపించాలనుకున్నప్పుడు ఆ పని మా అమ్మకి చెప్పాడు. మా అమ్మ కిరస్తానీ మనిషి. ఆమెకి పాపం అంటదట.

ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. పాపం చేయించేవాడికి అంటదు, చేసేదానికీ అంటదు. మరి ఆ పాపం ఎక్కడికి పోతుందో అడిగినవాడు ఊళ్ళో ఒక్కడు లేడు.

అది పంతొమ్మిది వందల ఇరవై రెండు, ఆషాఢ మాసం. నేను టెక్కలిలో పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉండేవాణ్ణి. డాక్టరు గారు ఊళ్ళు తిరుగుతుంటే వెనక మందుల పెట్టె మోసేవాణ్ణి. పశువులకి పెద్దరోగం తగిలిన ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి ఎన్ని పశువులున్నాయి, ఎన్ని పోయాయి, ఎన్ని లేచాయి అని అడిగి రాసేవాణ్ణి. మిషన్ బడిలో అబ్బిన నాలుగు అక్షరం ముక్కలు అలా నాకు తిండి పెట్టాయి.

ఒక శుక్రవారం మా ఊరి బండివాడొకడు ఆసుపత్రికి వచ్చి, మీ అమ్మ ఉన్నపళంగా రమ్మంది అని చెప్పి పోయాడు. మా అమ్మ నయోమి అలా కబురు పంపే మనిషి కాదు. మా నాన్న పోయినప్పుడు కూడా, సెలవు దొరికితే రమ్మనే చెప్పించింది. మర్నాడు తెల్లవారుతూనే నౌపడలో రైలెక్కి, పలాస దాటి సోంపేటలో దిగి, కవిటి వైపు వెళ్ళే బండి పట్టుకుని మధ్యాహ్నానికి ఊరు చేరాను.

మా ఊరు కవిటికి ఇవతల, కొబ్బరితోటల మధ్యలో ఉంటుంది. మా గుడిసె కూర్మనాథం తోట చివర. అక్కడ మావాళ్ళవి అయిదు గుడిసెలు. రాలిన కాయలు ఏరడం, పీచు వలవడం, కురిడీ కొబ్బరి ఎండబెట్టి కొట్టుగదిలోకి చేర్చడం అందరి పనీ. గుడిసె నిలబడిన నేల ఆయనది, మీద కప్పిన కమ్మలు ఆయన చెట్లవి. కాబట్టి లోపల పడుకునే మనుషులు కూడా తనవాళ్ళేనని ఆయన లెక్క.

అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఆమె ముందు వాకిట్లో కొబ్బరికాయలు మోసే పెద్ద గోనెసంచి ఒకటి పడి ఉంది.

"ఏటైందమ్మా?" అన్నాను.

"సోమారం పొద్దుగూకీలోపు ఊర్లో పిల్లులన్నిటినీ ఈ సంచిలో కట్టి, రాయేసి, సముద్రంలో పడెయ్యమన్నారు నాయినా. పడెయ్యకపోతే గుడిసె కాళీ సేసెయ్యమన్నారు."

"ఎవరన్నారు?"

"ఇంకెవులంతారు? కూర్మనాథం బాబు."

ఆమె ఏడవలేదు. మా అమ్మకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. ఆ రోజు ఆమె మాట వినడానికి నేను వంగవలసి వచ్చింది.

"ఈటిలో సగం నాను మోసుకొచ్చినవేరా. బారువ నుంచి, కవిటి నుంచి, ఎండలో, వానలో. సంచిలో అరుత్తుంటే సముదాయించుకుంటూ తెచ్చినాను. ఈ సేతుల్తోనే ముంచెయ్యాలేటి?"

అప్పుడు సంగతంతా చెప్పింది. రెండు నెలలుగా ఊళ్ళో పిల్లులు రాలిపోతున్నాయి. ముందు ముద్ద ముట్టవు. తర్వాత పచ్చగా కక్కుతాయి, నెత్తురు విరేచనాలవుతాయి. చివరి రోజున పాలచిప్ప మీద తల వేలాడేసి, తాగాలని ఉన్నా తాగలేక, అలాగే ఒరిగిపోతాయి. కొట్టుల్లో ఎలుకలకి పట్టపగ్గాల్లేవు. కురిడీలు కొరికి పిప్పి చేస్తున్నాయి. దాంతో చచ్చిన పిల్లి చోట మరో పిల్లిపిల్లని తెప్పించారు. అదీ పది రోజులు తిరక్కుండా పోయింది. చచ్చినకొద్దీ తెప్పించారు, తెప్పించినకొద్దీ చచ్చాయి.

ఇంతలో ఎక్కడో ప్లేగు వచ్చిందన్న పుకారు ఊరిదాకా పాకింది. కూర్మనాథానికి అనుమానం పుట్టింది. పిల్లుల రోగమే ప్లేగు, రేపు మనుషులకి అంటుతుంది, మిగిలినవాటిని వదిలించుకోవాలి అన్నాడు. పెద్దలంతా అవునన్నారు. మరి ఎవరు వదిలిస్తారు అనేసరికి అందరికీ మా గుడిసెలు గుర్తొచ్చాయి.

నేను ముఖం కూడా కడుక్కోకుండా కూర్మనాథం ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద చాప వేసుకుని కూర్చుని వక్కలు కత్తిరిస్తున్నాడు. పక్కన నలుగురైదుగురు పెద్దలున్నారు. నా చోటు వాకిట్లో, వేపచెట్టు దగ్గర. టెక్కలిలో తాసిల్దారు గారి ఆవుకి పురుడు పోస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టారు నన్ను. పుట్టిన ఊళ్ళో మాత్రం ఆ చెట్టు నీడే.

"ఏరా జీవరత్నం, ఎప్పుడొచ్చినావు?" అన్నాడు.

"ఇప్పుడే. మా అమ్మతో చెప్పిన మాట నాతో చెప్పండి."

"సెప్పీదేటుంది? పిల్లులకి ప్లేగొచ్చింది. ఊరు నిలబడాలంటే అయి ఉండకూడదు. మావు ముట్టుకుంటే పాపం. మీకలాటిది లేదు గదా, మీ దేవుడు ఒప్పుకుంతాడు గదా!"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఎగతాళికి కాదు, నిజంగానే నమ్ముతున్నారు. నాకు మరీ కోపం తెప్పించింది అదే. తిట్టి చేయిస్తే తిట్టారని అనుకోవచ్చు. వీళ్ళు మాకేదో సౌకర్యం ఉన్నట్టు, దాన్ని వాళ్ళు వాడుకుంటున్నట్టు మాట్లాడుతున్నారు.

"ఇది ప్లేగు కాదు. ప్లేగయితే ముందు ఎలుకలు చావాలి. మీ కొట్టులో ఎలుకలు కురిడీలు తిని పందికొక్కుల్లా తిరుగుతున్నాయి కదా," అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. కూర్మనాథం అడకత్తెర ఆపాడు.

"మరేటిది? పేరు సెప్పు."

పేరు నాకు తెలీదు. అప్పటికి డాక్టరు గారికి కూడా తెలీదని నా నమ్మకం. ఆవులకి, గేదెలకి పుస్తకాలున్నాయి గాని, పిల్లుల జబ్బు గురించి ఎవరు పట్టించుకున్నారు? నిజమే చెప్పాను.

"పేరు తెలీదు. పశువుల పెద్దరోగం లాంటిదేదో పిల్లులకి వచ్చింది. ఒకదాన్నుంచి ఒకదానికి అంటుతుంది. మనుషులకి అంటితే ఈపాటికి మీ ఇళ్ళల్లో పడి ఉండేవారు. బతికినవాటిని చంపితే జబ్బు పోదు. అది ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవాలి. నన్ను ఇల్లిల్లూ అడగనివ్వండి."

"అడుగు. సోమారం దాకా ఎవులొద్దన్నారు?" అన్నాడాయన. "పట్టుకుంటే పిల్లుల్ని ముట్టుకోం. లేకపోతే మీ అమ్మకి సెప్పిన మాటే మాట."

ఆదివారం పొద్దున అమ్మ ప్రార్థనకి వెళితే నేను నోటు పుస్తకం పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళాను. యాభై రెండు గడపలు. ఏ గడపా దాటనివ్వలేదు. ఏ ఇంటికి వెళ్ళినా ముందు పెరట్లోంచి ఆవుని తోలుకొచ్చి, దీని గిట్ట చూడు, దీని పొదుగు చూడు అన్నారు. చూశాను, పుళ్ళు కడిగాను, మందు రాశాను. ఆవు పుండు కడగడానికి నా చెయ్యి పనికొచ్చింది. వీధరుగు ఎక్కడానికి నా కాలు పనికిరాలేదు. ఆవు గురించి అయ్యాక, అప్పుడు అడిగాను, మీ పిల్లి ఎలా ఉంది అని.

నవ్వారు. పిల్లి లెక్క ఎవరైనా రాస్తారా అన్నారు. కొందరికి తమ పిల్లి మగదో ఆడదో కూడా తెలీదు. ఒకాయన తన ఇంట్లో పిల్లే లేదన్నాడు, ఆయన వెనక గాదె మీద అది పడుకుని ఉంది. ఆడవాళ్ళే నయం. ఏ పిల్లి ఏ రోజున ముద్ద మానేసిందో, కక్కింది పసుపో పచ్చో, ఎన్నో రోజున పోయిందో, పిలిచి పిలిచి చెప్పారు. రెండు ఇళ్ళల్లో చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నారు. ఊరి పెద్దలకి అవి ఎలుకల్ని పట్టే పనిముట్లు. ఈ ఆడవాళ్ళకి పొయ్యి పక్కన పడుకునే తోడు.

మధ్యాహ్నానికి ఒక తీరు కనబడసాగింది. వైశాఖం నుంచి ఆ రోజు దాకా, పాతవీ కొత్తగా తెచ్చినవీ కలిపితే ఊళ్ళో నలభై ఒక్క పిల్లులు. జబ్బు తగలనివి పదకొండే. తగిలిన ముప్ఫైలో నాలుగు లేచాయి, ఇరవై ఆరు పోయాయి. ఇంత పోయాయని ఊళ్ళో ఎవరికీ తెలీదు, ఎవరి పిల్లి వాళ్ళకే. పోయినవాటిలో పంతొమ్మిది ఏడాది నిండని పిల్లలు. ముసలి పిల్లులు చాలా వరకు తట్టుకున్నాయి. కూర్మనాథం కొట్టులో ఎనిమిది పిల్లులకి ఒకే చిప్పలో చేపల నీళ్ళు పోసేవారు, అందులో ఏడు ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఊరంతా తిరిగి, ఆ కొట్టులో తిని, దారిలో కొట్లాడి చెవులు చింపుకుని వచ్చే గండుపిల్లులూ ఎక్కువగానే పోయాయి. ఇల్లు కదలని పిల్లులు బతికాయి. అంతవరకు పశువుల పెద్దరోగం తీరే. మందలో కలిసినది చస్తుంది, విడిగా కట్టినది నిలుస్తుంది.

కానీ కొత్తగా వచ్చిన పిల్లల సంగతి అర్థం కాలేదు. అవి కొట్టుకి వెళ్ళలేదు, వీధిలో తిరగలేదు. కొన్ని ఇంకా కుంపటి పక్కనుంచి లేవడం కూడా నేర్చుకోలేదు. అవీ ఆరో రోజుకో ఏడో రోజుకో ముద్ద మానేశాయి. అవి వచ్చిన ఇళ్ళల్లో బాగున్న పిల్లులు కూడా ఆ తర్వాతే పడ్డాయి.

దారి చూపించింది రత్నాలమ్మ. చివరి వీధిలో ఒంటరిగా ఉండే ముసలమ్మ ఆవిడ. ఆవిడ పిల్లి పక్కింటి పెరుగు తాగుతుందని దాన్ని రోలుకి తాడేసి కట్టింది. పక్కన, ఎదుట ఇళ్ళల్లో పిల్లులు చచ్చినా అది చక్కగా కళ్ళు మూసుకుని కూర్చుంది.

"కట్టీసినాను గనక బతికింది," అందావిడ. "మొన్న ఓ గుంటని తెచ్చినాను దీనికి తోడు. అదీ బాగానే ఉంది సూడు."

ఆ వీధిలో ఈ రెండు నెలల్లో వచ్చి బతికిన పిల్లిపిల్ల అదొక్కటే. నాకు ప్రాణం లేచివచ్చింది.

"ఎలా తెచ్చారమ్మా దీన్ని?"

"మా అమ్మాయి కొంగులో సుట్టుకుని తెచ్చింది, మందస నుంచి. సంచి ఖాళీ లేదన్నారు."

సంచి! మా ఊరివాళ్ళకి తప్ప మరొకరికి ఈ మాట అర్థం కాదు. పిల్లిపిల్లని ఊరు మార్చి తెస్తే అది దారి గుర్తుపెట్టుకుని పాత ఇంటికి పారిపోతుందని దాన్ని సంచిలో మూతి కట్టి తేవాలి. అన్ని సంచులూ పనికిరావు. జగదాంబ, అంటే కూర్మనాథం భార్య, ఏనాడో ఒక గోనెసంచిలో తెప్పించిన పిల్లి పన్నెండేళ్ళు ఆ ఇంట్లోనే ఉందట. అప్పట్నుంచి ఆ సంచికి పేరు వచ్చింది. అందులో వచ్చిన పిల్లి ఇల్లు కదలదని ఊరి నమ్మకం. ఎవరికి పిల్లి కావాలన్నా జగదాంబని అడిగి ఆ సంచే తీసుకువెళ్ళాలి. పని అయ్యాక కొట్టు బయట మేకుకి తగిలించాలి.

మళ్ళీ మొదటి గడప నుంచి తిరిగాను. ఒక్కటే అడిగాను, మీ పిల్లి ఆ సంచిలో వచ్చిందా అని. వైశాఖం తర్వాత ఆ సంచిలో పన్నెండు పిల్లలు వచ్చాయి. పదకొండు పోయాయి, ఒకటి చచ్చి బతికింది. అన్నిటికంటే ముందు వచ్చినది బారువ రేవులో సరుకు పడవ మీద పుట్టినది. అది దారిలోనే కక్కుకుని, విరేచనమై, సంచిలోనే చచ్చిపోయింది. దాన్ని తీసి పారేసి, సంచిని మేకుకి తగిలించారు. మూడో నాడు అదే సంచి మరో పిల్ల కోసం బయల్దేరింది.

సంచి దొరికింది. ఆ సంబరంలో నా కళ్ళు మూసుకుపోయాయి. రాత్రంతా నిద్రపోకుండా ఆ కాగితం ముచ్చటగా తిరగరాశాను గాని, ఒక్క మాట నాకు తట్టనే లేదు. అది తలుచుకుంటే ఊరి మీద ఎంత కోపమో నా మీదా అంతే.

సోమవారం పొద్దున కూర్మనాథం వాకిట్లో ఊరు సగం చేరింది. అమ్మ వేపచెట్టు వెనక నిలబడింది. నేను కాగితం చదివాను. డాక్టరు గారి దగ్గర నేర్చుకున్న గొంతుతో, తడుముకోకుండా చదివాను. ఏ ఇంట ఎన్ని, ఎన్ని పోయాయి, ఏవి పోయాయి, ఏవి నిలిచాయి. కొట్టు పిల్లుల సంగతి చెప్పాను. రత్నాలమ్మ పిల్లి సంగతి చెప్పాను. చివర సంచి సంగతి చెప్పాను.

"ఆ పడవ పిల్ల మురికి సంచిలో ఉండిపోయింది. అందులో పెట్టిన ప్రతి పిల్లకీ అంటింది. దాన్నుంచి ఇంట్లో పిల్లికి, దాన్నుంచి కొట్టుకి, కొట్టు నుంచి ఊరికి. చంపవలసినది పిల్లుల్ని కాదు. ఆ సంచిని కాల్చెయ్యండి. కొట్టులో ఒకే చిప్ప పెట్టొద్దు. జబ్బు పిల్లిని విడిగా కట్టండి. నెల తిరిగేసరికి నిమ్మళిస్తుంది."

ఎవరూ కాదనలేదు. ఆడవాళ్ళలో గుసగుసలు లేచాయి, మా పిల్లీ సంచిలోదే, మా పిల్లీ సంచిలోదే అని. నేను గెలిచాననుకున్నాను. కూర్మనాథం చాలా శ్రద్ధగా విన్నాడు. ఆయన తెలివితక్కువ మనిషి కాదు.

"బాగా సదివినావురా. అయితే పిల్లుల్ని ముంచక్కర్లేదు. మంచిదే, పాపం తప్పింది," అన్నాడు. వక్క నోట్లో వేసుకుని అడిగాడు. "మరి ఆ సంచి ఇంటింటికీ ఎవులు మోసినారు?"

వాకిలంతా ఒక్కసారి వేపచెట్టు వైపు తిరిగింది.

బయల్దేరేటప్పుడు పిల్లి ఎదురైతే వెనక్కి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చునే జనం మావాళ్ళు. పిల్లిని భుజాన వేసుకుని ఊళ్ళు దాటి నడవడానికి ఎవరు ఒప్పుకుంటారు? ఆ పని ఎప్పుడూ మా అమ్మదే. ఏళ్ళ తరబడి ఆమె చేత మోయించారు. నేను ఊరి చేతిలో పెట్టిన కాగితం ఆమె మెడకి ఉరి అయింది.

"సూసినారా! కొడుకే రాసినాడు, మన నోటితో అనక్కర్లేదు," అన్నాడు కూర్మనాథం. "రోగాన్ని ఇంటింటికీ పంచిపెట్టింది నయోమి. ఇలాటి మనిసి తోటలో ఉంటే రేపు మన గొడ్లకి తెత్తాది, పిల్లలకి తెత్తాది."

"మోయించింది మీరు!" అని అరిచాను. "సంచి మీది, పిల్లి మీది, నమ్మకం మీది! ఆమె మోయనంటే ఆ రోజే గుడిసె పీకేసేవారు కదా!"

"గొంతు దించరా."

"నానడుగుతాను బాబూ," అంది అమ్మ.

ఆమె చెట్టు వెనక నుంచి ముందుకు వచ్చింది. ఆమె గొంతు ఎంత తగ్గిందంటే వాకిలంతా నిశ్శబ్దమైతే గాని వినబడలేదు. కూర్మనాథంతో కాదు, గుమ్మంలో నిలబడిన జగదాంబతో మాట్లాడింది.

"అమ్మగోరూ, పడవ పిల్లి సంచిలో సచ్చిపోయినప్పుడు నాను మీ కాడికే వచ్చినాను గదా. సంచి కంపు కొడతంది, రెండు కడవల నీళ్ళు పోయించండి, బాగా ఉడకేసి ఎండేసి ఇత్తానని అడిగినానా లేదా?"

జగదాంబ భర్త వైపు చూసింది.

"మీరేటన్నారు? ఉతికితే వాసన పోతాది, పిల్లి నిలవదన్నారు. అయినా మళ్ళీ అడిగినాను. మీ బావి నాను ముట్టుకోకూడదు, మీరు పొయ్యాల. రెండు కడవలు నీకు తోడిపోసీ ఓపిక ఎవులికుందే అన్నారు. అవునా కాదా, అమ్మగోరూ?"

అందరూ జగదాంబ వైపు చూశారు. ఆవిడ ముఖం ఎర్రబడింది. ఒక్క క్షణం, ఆవిడ అవునంటుందని నాకు ఆశ కలిగింది. పైట సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కాదనలేదు, అవునూ అనలేదు. ఆవిడ వెళ్ళిపోయాక అక్కడున్న వందమందిలో, నయోమి అడిగినదానికి జవాబు చెప్పండి అన్నవాడు ఒక్కడు లేడు. రత్నాలమ్మ మాత్రం, అయ్యో పాపం అని గొణిగింది. పాపం అన్న మాట మీదే నాకు అప్పుడు విసుగు పుట్టింది. పిల్లి చస్తే బంగారం ఇవ్వాలి. మనిషిని రోడ్డు మీద పెడితే వక్క నమలడం ఆపక్కర్లేదు.

"బుధారానికి గుడిసె కాళీ సేసెయ్యండి," అన్నాడు కూర్మనాథం. "సంచి ఇప్పుడే కాల్పించెత్తాను." ఆ ఒక్క మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. మేము తోట చేరేలోపే కొట్టు వైపు నుంచి గోనె కాలిన కంపు వచ్చింది.

దారి పొడుగునా నేను అరుస్తూనే ఉన్నాను. కలెక్టరుకి రాస్తానన్నాను, మిషన్ దొరగారికి చెబుతానన్నాను. అమ్మ గుడిసెలోకి వెళ్ళి చాప చుట్టింది, రెండు చట్లు, ఒక ఇనప పెట్టె బయట పెట్టింది. బుధవారం దాకా ఆగదలుచుకోలేదు ఆమె.

"నీ లెక్క తప్పు కాదు నాయినా, నువ్వు ఏడవకు," అంది, నేను ఏడుస్తున్నానని నాకే తెలీని వేళ. "పిల్లులు బతికినాయి గదా. అదే సాలు."

నాకు చాలదు. ఇప్పటికీ చాలలేదు.

సాయంత్రం నీరెండ వేళకి, మేము బండి కోసం చూస్తుంటే జగదాంబ వచ్చింది. మా గుడిసెల వైపు ఆవిడ రావడం ఎవరూ ఎరగరు. వెంట మనుషులెవరూ లేరు. పదడుగుల దూరంలో కొబ్బరిమొక్క పక్కన నిలబడింది. చేతిలో కొత్త గోనెసంచి ఉంది, ఇంకా పీచు వాసన పోనిది.

"నయోమీ," అంది. "ఎలకలు గాదెలోకొచ్చీసినాయే. నిన్న మా మనవరాలి కాలివేలు కొరికీసినాయి. కవిటిలో మా సెల్లెలింట నాలుగు గుంటలున్నాయి, నువ్వెళ్ళి పట్టుకొచ్చీ. సంచి కొత్తదే కుట్టించినాను. బాబుతో నాను మాటాడతాను, గుడిసె జోలికి రారు."

నేను నోరు తెరిచాను. అమ్మ చెయ్యి ఎత్తి ఆపింది. ఆమె కూడా ఆవిడకి పదడుగుల దూరంలోనే నిలబడింది.

"తెత్తానమ్మగోరూ. తేనని నానేనాడైనా అన్నానేటి?" అంది. "గాని సంచి ఉడకేసీయాల. ప్రతి పిల్లికీ ఉడకేసీయాల. మా గుంటడు కాగితంలో రాసినాడు గదా. దానికి నీళ్ళు గావాల. మీరు పొయ్యలేరు, మీకు ఓపిక లేదు. నా కడవ నన్నే ముంచుకోనియ్యండి, మీ బావిలో. రేపు పొద్దున్నే కవిటెళ్ళి నాలుగింటినీ పట్టుకొత్తాను."

జగదాంబ సంచిని ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకుంది. ఎలుక కొరికిన పసిదాని కాలు ఆవిడ కళ్ళ ముందు ఉండే ఉంటుంది. బావి గట్టు మీద మా అమ్మ కడవ కూడా కనబడి ఉంటుంది.

ఆ సంచిని చంకన పెట్టుకుని ఆవిడ వచ్చిన దారినే వెనక్కి నడిచింది. మా అమ్మ కడవ బావిలో మునగడం కంటే, మనవరాలి కాళ్ళు ఎలుకలు తినడమే నయమనుకుంది.